అకిహబరా పక్కన గట్టు మీది గుడి

కిందటి సంచికలో టోక్యో గురించి ఒక జవాబు రాస్తూ కందా మ్యోజిన్ అనే షింటో గుడి పేరు ఎత్తాను. షింటో అంటే జపానువాళ్ళ సొంత మతం. ఎలక్ట్రానిక్ దుకాణాలకూ యానిమే బొమ్మలకూ పేరుపడ్డ అకిహబరా పక్కన అంత పాత గుడి ఎలా ఉందని చాలామంది అడిగారు. జపనీస్ అనువాదకురాలిగా పనిచేసిన కాలంలో మా ఆఫీసు ఓచానోమిజు స్టేషనుకు దగ్గర్లోనే ఉండేది. పొద్దున పనిలో చేరేముందు ఆ గుడి మీదుగా వెళ్ళడం నాకు అలవాటు. అందుకని ఈసారి శీర్షిక మొత్తం ఆ గుడికే ఇస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి టోక్యోలో ఉద్యోగం చేస్తున్నాడు. వాడి దగ్గరికి వెళ్తున్నాను. అకిహబరా నుంచి ఆ గుడికి చాలా మెట్లు ఎక్కాలట. నాకు మోకాళ్ళ నొప్పులు. మరో దారి ఉందా? – ఓ తల్లి

ఉందమ్మా. నన్నడిగితే అదే మంచి దారి కూడా.

మీ అబ్బాయి చెప్పినవి ఒతోకోజాకా అనే రాతిమెట్లు. అకిహబరా వైపు నుంచి గుడి తూర్పు పక్కకి నిటారుగా ఎక్కుతాయి. 1830లలో ఎడో నగరపు అగ్నిమాపక దళాలవాళ్ళు దేవుడికి సమర్పించుకున్న మెట్లవి. ఎడో అంటే టోక్యో పాత పేరు. చుట్టూ భవనాలు లేని రోజుల్లో ఆ పైనుంచి సముద్రం వైపు చూపు ఆనేదట. ఇప్పుడు మేడలే కనిపిస్తాయి. వయసులో ఉన్నవాళ్ళకి అది సరదాగానే ఉంటుంది. మీరు మాత్రం దాని జోలికి వెళ్ళకండి.

జేఆర్ రైల్లో ఓచానోమిజు స్టేషనులో దిగి, హిజిరిబాషి వైపు ద్వారం నుంచి బయటికి రండి. ఎదురుగా హిజిరిబాషి వంతెన ఉంటుంది. 1927లో కట్టారు. దాని మీద కాసేపు ఆగండి, ఎవరూ ఏమీ అనుకోరు. కింద కందా నది, దాని ఒడ్డునే రైలు పట్టాలు, నదిని అడ్డంగా దాటి సొరంగంలో దూరిపోయే ఎర్రటి మెట్రో. మూడు రైళ్ళు ఒకేసారి కనిపించే క్షణం కోసం కెమెరాలు పట్టుకుని నిలబడేవాళ్ళు అక్కడ ఎప్పుడూ ఉంటారు. వంతెన దాటాక చెట్లు కమ్ముకున్న ప్రహరీ ఒకటి వస్తుంది. అది యుషిమా సెయిదో, కన్ఫ్యూషియస్ మందిరం. దాన్ని దాటితే పెద్ద రోడ్డు, రోడ్డుకు అవతల గుడి తోరీ, అంటే షింటో గుళ్ళ ముందు తోరణంలా నిలబెట్టే ద్వారం. స్టేషను నుంచి నెమ్మదిగా నడిచినా పది నిమిషాలు చాలు. తోరీ నుంచి గుడి ద్వారం దాకా నేల కొద్దికొద్దిగా ఎత్తు పెరుగుతుందే గానీ పెద్ద మెట్ల వరస లేదు. దర్శనం చేసుకునే మందిరం ముందు మాత్రం కొన్ని మెట్లున్నాయి. అవి ఎక్కలేకపోతే కిందనుంచే దండం పెట్టుకోండి. అక్కడి ముసలివాళ్ళు చాలామంది చేసేది అదే.

ప్రవేశానికి టికెట్టు లేదు. తోరీ దగ్గర అమజాకే దొరికితే ఓ కప్పు తాగండి. బియ్యాన్ని కోజి అనే బూజుతో పులియబెట్టి చేసే తియ్యటి పానీయం. అలా చేసినదాంట్లో మత్తు ఉండదు. సాకే అనే బియ్యపు మద్యం పిప్పితో చేసే రకం కూడా ఒకటుంది కాబట్టి ముందు అడిగి తాగండి.

ప్రశ్న: గుడిలోకి వెళ్ళాక ఏం చేయాలి? మాకు తెలియక ఏదైనా అపచారం జరుగుతుందేమోనని భయంగా ఉంది. – పెళ్ళయిన కొత్తలో జపాను వెళ్తున్న జంట

భయం అక్కర్లేదు. తోరీ ముందు ఆగి ఒకసారి తల వంచండి. లోపలికి ఒక పక్కగా నడవండి. దారి నడిమధ్య దేవుడు నడిచే చోటని వాళ్ళ నమ్మకం. తర్వాత నీళ్ళ తొట్టి వస్తుంది. గరిటె ఉంటే కుడిచేత్తో నీళ్ళు ముంచి ఎడమచేయి కడగాలి, తర్వాత కుడిచేయి. ఎడమ దోసిట్లో కాస్త పోసుకుని నోరు పుక్కిలించి పక్కన వదలాలి. గరిటెకి నోరు ఆనించకూడదు. చివర్న గరిటెను నిలువుగా ఎత్తితే మిగిలిన నీళ్ళు జారి కాడ కూడా శుభ్రమవుతుంది. ఒకే గరిటె నీళ్ళతో ఇదంతా పూర్తిచేసే పెద్దవాళ్ళను చూస్తే నాకు ఎంతో ముచ్చటేసేది. కోవిడ్ తర్వాత చాలా గుళ్ళలో గరిటెలు తీసేసి నీటిధార పెట్టారు. అక్కడ చేతులు కడుక్కుంటే చాలు.

మందిరం ముందు చెక్కపెట్టె ఉంటుంది. అందులో నాణెం మెల్లగా వేయండి, దూరంనుంచి విసరకండి. ఐదు యెన్ల నాణెం వేయడం చాలామందికి ఇష్టం. ఇంత వేయాలన్న లెక్క మాత్రం లేదు. రెండుసార్లు నడుము వంచి నమస్కరించాలి. రెండు చప్పట్లు కొట్టాలి. చేతులు అలాగే జోడించి మనసులో చెప్పుకోవాల్సింది చెప్పుకుని, చివర్న మరోసారి వంగాలి. చెప్పులు విప్పక్కర్లేదు. పూజారితో ప్రత్యేక ప్రార్థన చేయించుకునేవాళ్ళే లోపలికి వెళ్తారు. దానికి వేరే రుసుము, ముందుగా పేరు నమోదు ఉంటాయి. ఎవరూ మిమ్మల్ని మతం అడగరు.

ఫోటోలు ఆవరణలో తీసుకోవచ్చు. మందిరం లోపలికి మాత్రం కెమెరా గురిపెట్టకండి. శని ఆదివారాల్లో పెళ్ళి ఊరేగింపులు ఎదురవుతాయి. తెల్లటి కిమోనోలో పెళ్ళికూతురు నడిచి వస్తుంటే దారి వదిలి పక్కకి నిలబడండి. ముఖం మీద ఫోను పెట్టి ఫోటోలు తీసే యాత్రికుల్ని చూస్తే నాకు బాధ కలుగుతుంది. ఆ రోజు వాళ్ళది.

ప్రశ్న: ఒక గైడు పుస్తకంలో ఈ గుడి 730లో వెలిసిందని ఉంది. మరో దాంట్లో 1934 నాటి కాంక్రీటు కట్టడమని ఉంది. కాంక్రీటుతో కట్టిన దాన్ని చారిత్రక గుడి అనడం సబబేనా? కియోటో వెళ్ళి అసలైన పాత గుళ్ళే చూడటం మంచిది కాదా? – విశ్రాంత ఉపాధ్యాయుడు

మాస్టారూ, రెండు సంవత్సరాలూ నిజమే. కాంక్రీటు అని తీసిపారేయడం మాత్రం నేను ఒప్పుకోను.

730లో ఈ గుడి వెలిసింది ఇప్పుడున్న చోట కాదు. ఈనాడు బ్యాంకుల ప్రధాన కార్యాలయాలు నిండిన ఓతెమాచి ప్రాంతంలో, అప్పటి ఒక చిన్న గ్రామంలో. ఆనాటికి టోక్యో లేదు, ఎడో కోట కూడా లేదు. దాదాపు తొమ్మిది శతాబ్దాల తర్వాత తోకుగావా ఇయెయాసు అనే యోధ పాలకుడు ఎడోను తన రాజధాని చేసుకున్నాడు. 1600లో సెకిగహారా యుద్ధానికి ముందు ఈ దేవుడికి మొక్కుకున్నాడని, గెలిచాడని గుడి చరిత్ర చెబుతుంది. కోట విస్తరిస్తుంటే గుడిని తరలించాల్సి వచ్చింది. 1616లో ఈ గట్టు మీదికి చేరింది. అప్పటినుంచి ఎడో మొత్తానికి కాపలా దేవుడి హోదా దీనిదే. మన పల్లెలకి గ్రామదేవత ఎలాగో, మహానగరానికి ఈ గుడి అలాగ.

ఇక కట్టడం సంగతి. ఎడో కాలిపోతూ ఉండే నగరం. కొయ్య ఇళ్ళు, ఇరుకు సందులు, చలికాలపు గాలులు. ఈ గుడి కూడా అలాగే కాలుతూ, మళ్ళీ లేస్తూ వచ్చింది. 1782లో కట్టిన మందిరం 1923 సెప్టెంబరు 1 దాకా నిలిచింది. ఆ రోజు మధ్యాహ్నం భోజనాలవేళకి కాంతో మహాభూకంపం వచ్చింది. పొయ్యిల నిప్పు నగరమంతా అంటుకుంది. గుడి బూడిదైంది.

తర్వాత ఏం కట్టాలన్న ప్రశ్న వచ్చింది. మళ్ళీ కొయ్యతోనే కట్టివుంటే ఎవరూ తప్పుపట్టేవాళ్ళు కాదు, సంప్రదాయం అదే. కానీ వాళ్ళు ఉక్కు చట్రం, కాంక్రీటు ఎంచుకున్నారు. షింటో గుడికి అది ఆ రోజుల్లో ఎంతో కొత్త సంగతి. పైకప్పు వంపు, దూలాల అమరిక, స్తంభాల తీరు అన్నీ పాత పద్ధతిలోనే ఉంచి, పైన ఎర్రటి లక్కపూత వేశారు. 1934లో పూర్తయింది. పదకొండేళ్ళకి, 1945లో, అమెరికా విమానాలు టోక్యో మీద నిప్పుల బాంబులు కురిపించాయి. ఆవరణలో చుట్టుపక్కల కట్టడాలు చాలావరకు కాలిపోయాయి. ఈ మందిరం నిలిచింది.

ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని మసి మేట మీద నిలబడ్డ కందావాసికి, తల ఎత్తి చూస్తే గట్టు మీద ఎర్రగా తన గుడి కనిపించింది. కాంక్రీటు ఎంచుకున్నవాళ్ళు ఆ మనిషికి చేసిన మేలు అది. జపాను ప్రభుత్వం 2003లో ఈ మందిరాన్ని సాంస్కృతిక సంపదగా నమోదు చేసింది. మీరు దగ్గరగా నిలబడి స్తంభం మొదలు చూడండి. లక్క మెరుపు కింద ఉన్నది కొయ్య కాదని చెప్తే తప్ప తెలియదు. రెండంతస్తుల ఎర్రటి ముఖద్వారం మాత్రం కొయ్యదే. అది 1970లలో మళ్ళీ కట్టింది. రెండు పక్కలా విల్లంబులు పట్టి కూర్చున్న కావలివాళ్ళ విగ్రహాలు చూడటం మరచిపోకండి.

కియోటో తప్పకుండా వెళ్ళండి. కానీ అక్కడ కొన్ని ప్రసిద్ధ ఆలయాల్లో మీకు దొరికేది టికెట్టు కొని చూసే గతం. కందా మ్యోజిన్‌లో పనిరోజు పొద్దున ఎనిమిదిన్నరకి నిలబడితే, ఆఫీసు బ్యాగు కాళ్ళ దగ్గర పెట్టి, చప్పట్లు కొట్టి, వాచీ చూసుకుంటూ వెళ్ళిపోయేవాళ్ళు కనిపిస్తారు. కొందరికి ఆగే తీరిక కూడా ఉండదు. రోడ్డు మీదే తోరీకేసి తిరిగి తల వంచి పరుగెత్తుతారు. చుట్టూ ఉన్న 108 పేటల సంఘాలు ఈ గుడిని తమదిగా చూసుకుంటాయి. జనవరిలో పనులు మొదలయ్యే తొలి రోజున కంపెనీలకు కంపెనీలే నల్లకోట్లతో వరస కడతాయి. మీరు అడిగిన చారిత్రకత నాకు ఆ వరసలో కనిపిస్తుంది మాస్టారూ.

ప్రశ్న: అక్కడ కొలువైన ముగ్గురు దేవుళ్ళలో ఒకడు చక్రవర్తి మీద తిరుగుబాటు చేసిన యోధుడని చదివాను. తిరుగుబాటుదారుణ్ణి దేవుణ్ణి ఎలా చేశారు? – చరిత్ర విద్యార్థిని

మంచి ప్రశ్న తల్లీ. మిగతా ఇద్దరి సంగతి ముందు చెప్పేస్తాను. ఒకరు ఓనముచి, జనం దైకోకు అని పిలుచుకుంటారు. సంపద, సంసారం ఆయన చూసుకుంటాడు. ఆవరణలో ఆయన పెద్ద రాతి విగ్రహం నవ్వుతూ ఉంటుంది. ఇంకొకరు సుకునాహికోనా. ఎబిసుగా కొలుస్తారు. వ్యాపారుల దేవుడు. పురాణంలో ఆయన వేలెడంత మనిషి, సముద్రం మీద చిన్న పడవలో వస్తాడు. అలల మధ్య, చేపల మధ్య ఆయన బుల్లి విగ్రహాన్ని కాస్త వెతికి చూడాలి.

మూడోవాడు నువ్వడిగిన తైరా నో మసకాదో. పదో శతాబ్దంలో తూర్పు ప్రాంతపు సామంత యోధుడు. 939లో అప్పటి రాజధాని కియోటోలోని చక్రవర్తి ఆస్థానాన్ని ధిక్కరించి, తానే కొత్త చక్రవర్తినని ప్రకటించుకున్నాడు. కొద్ది నెలలకే, 940లో, యుద్ధంలో చనిపోయాడు. తల నరికి రాజధానికి తీసుకెళ్ళి జనం చూసేలా వేలాడదీశారు. ఆ తల తన ఒంటిని వెతుక్కుంటూ తూర్పుకు ఎగిరొచ్చి ఓతెమాచి దగ్గర పడిందని కథ. అక్కడ మట్టిదిబ్బ వేశారు. ఆ దిబ్బ పక్కనే ఆ రోజుల్లో ఈ గుడి. తర్వాతి కాలంలో రోగాలు ప్రబలితే, అది మసకాదో ఆత్మ ఆగ్రహమేనని జనం అనుకున్నారు. శాంతి చేసి, 1309లో ఆయన్ని గుడిలో దేవుడిగా కలిపారు.

అన్యాయంగా, కోపంతో పోయినవాడి ఆత్మను శాంతింపజేసి, కొలిచి, కాపాడేవాడిగా మలచుకోవడం జపానులో పాత సంప్రదాయం. అయితే మసకాదో విషయంలో భయం ఒక్కటే కాదు. కప్పాలు వసూలుచేసే దూరపు రాజధానికి ఎదురుతిరిగిన తమవాడు అన్న అభిమానం తూర్పువాళ్ళకి ఉంది. ఎడో జనం ఆ అభిమానాన్ని మోశారు.

1874లో అది రాజకీయమైంది. అప్పటికి చక్రవర్తి టోక్యోకి వచ్చేశాడు. మెయిజీ చక్రవర్తి ఈ గుడికి రానున్నాడు. రాజద్రోహి ముందు చక్రవర్తి తల వంచడమా? అందుకని మసకాదోను ప్రధాన మందిరం నుంచి తీసి పక్కనున్న చిన్న గుడికి పంపారు. ఆయన ఖాళీచేసిన చోటికి వేరే గుడినుంచి తెచ్చినవాడే సుకునాహికోనా. మసకాదో తిరిగి ప్రధాన మందిరంలోకి వచ్చింది 1984లో. నూట పదేళ్ళు పట్టింది. తరాలు మారినా పేటలవాళ్ళు ఆయన్ని వదల్లేదు. నాకు ఈ గుడి మీద ఇంత ప్రేమ కలగడానికి అసలు కారణం ఇదే.

ఆ పట్టుదల ఇంకో రకంగానూ కనిపిస్తుంది. నరితాలో పెద్ద బౌద్ధాలయం ఒకటుంది. మసకాదో ఓడిపోవాలని 940 ప్రాంతంలో పూజలు జరిగిన చోటది. పాత కందా కుటుంబాలవాళ్ళు కొందరు ఈ రోజుకీ ఆ ఆలయంలో అడుగుపెట్టరు.

తల దిబ్బ కూడా చూడు. ఓతెమాచి మెట్రో స్టేషనులో సీ5 ద్వారం నుంచి బయటికి వస్తే పక్కనే. ఆకాశహర్మ్యాల మధ్య, దేశంలోకెల్లా ఖరీదైన నేలల్లో ఒకచోట, ఈ రోజుకీ మేడ లేవని చిన్న స్థలం. 1923 భూకంపం తర్వాత ఆర్థికశాఖవాళ్ళు అక్కడ తాత్కాలిక భవనం వేశారు. 1926లో ఆ శాఖ మంత్రి హయామి సెయిజీ చనిపోయాడు. శాపమని పుకారు పుట్టింది, భవనం తీసేశారు. శాపాన్ని నేను నమ్మను. కానీ అక్కడ ఎప్పుడు చూసినా తాజా పూలు ఉండేవి. పక్క ఆఫీసుల ఉద్యోగులు భోజన విరామంలో వచ్చి నిలబడి వెళ్తుండేవారు.

ప్రశ్న: కంప్యూటర్లకు రక్షరేకు అమ్ముతారట, నిజమేనా? అలాగే గుడి ముద్ర వేయించుకునే పుస్తకం గురించి చెప్పండి. – సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

నిజమే. అకిహబరా ఈ గుడి పేటల్లోకే వస్తుంది. పేటవాళ్ళ వృత్తి ఏదైతే గుడి దాన్ని కాచుకోవాలి కదా. అందుకని ఐటీ సమాచార భద్రత కోసం ఒక ఒమామోరి ఉంది. పరికరానికి అంటించుకునే స్టిక్కరు కూడా అందులో వస్తుంది. సర్వర్ల గదుల్లో అంటించినవి నేను చూశాను. బ్యాకప్ తీసుకోవడం మాత్రం మానకండి. ఒమామోరిని విప్పి లోపల ఏముందో చూడకూడదు. ఏడాది గడిచాక గుడికే తిరిగి అప్పజెప్పడం ఆచారం. మళ్ళీ వెళ్ళే వీలు లేకపోతే ఇంట్లో శుభ్రమైన చోట ఉంచుకోండి.

గుడి ముద్రని గోషుయిన్ అంటారు. ఎర్ర ముద్ర, దానిమీద కుంచెతో గుడి పేరు, మీరు వెళ్ళిన తేదీ. దానికోసం మడతల పుస్తకం అక్కడే కొనుక్కోవాలి. మామూలు నోటుబుక్కు ఇస్తే చాలా గుళ్ళలో రాయరు. ముద్రకి జపానులో చాలాచోట్ల 300 నుంచి 500 యెన్లు ఉంటుంది. చిల్లర దగ్గర పెట్టుకోండి. ముందు దర్శనం చేసుకుని తర్వాత ముద్రకి వెళ్ళడం మర్యాద.

కోరికలు రాసి కట్టే ఎమా చెక్కపలకల దగ్గర తప్పకుండా ఆగండి. పరీక్షలు, ఉద్యోగాలు, పెళ్ళిళ్ళ మధ్య యానిమే పాత్రల బొమ్మలు వేసిన పలకలు వందల్లో వేలాడుతుంటాయి. కొన్ని బొమ్మలు చూస్తే వేసినవాళ్ళ చేతికి మొక్కాలనిపిస్తుంది.

ప్రశ్న: మా అత్తగారు పోయి నెల దాటింది. టికెట్లు ముందే కొన్నాం. మైలలో ఉండి ఆ గుడికి వెళ్ళొచ్చా? – పేరు రాయవద్దన్న పాఠకురాలు

మీ దుఃఖానికి నా సానుభూతి. మీరు అడిగినది షింటోలో చాలా ముఖ్యమైన విషయం. దగ్గరివాళ్ళు పోయినప్పుడు సాధారణంగా యాభై రోజుల దాకా తోరీ దాటి లోపలికి వెళ్ళకూడదని వాళ్ళ ఆచారం. ఆ తర్వాత వెళ్ళొచ్చు. మీరు అక్కడికి చేరేనాటికి యాభై రోజులు నిండకపోతే, తోరీ బయట నిలబడి చూసి వెనక్కి రండి. మిమ్మల్ని ఆపేవాళ్ళెవరూ ఉండరు. కానీ మీరే అడిగారు కాబట్టి వాళ్ళ పద్ధతి పాటించడం మీ మనసుకీ హాయిగా ఉంటుంది. బౌద్ధాలయాలకి ఈ నిషేధం లేదు. మెట్రోలో కొద్ది దూరం వెళ్తే అసకుసాలో సెన్సోజీ ఉంది. అక్కడ మీ అత్తగారి పేరు తలచుకుని అగరువత్తి వెలిగించండి.

ప్రశ్న: కందా ఉత్సవం ఎప్పుడు? – నలుగురైదుగురు పాఠకులు

పెద్ద ఉత్సవం బేసి సంవత్సరాల్లో, మే నడుమ వస్తుంది. 2025లో జరిగింది, తర్వాతది 2027లో. ఎడో కాలంలో దీని ఊరేగింపు దేశాన్ని ఏలే సైనిక పాలకుడైన షోగన్ కోట లోపలికి వెళ్ళేది. అప్పట్లో ఎత్తైన రథాలుండేవి. మెయిజీ కాలంలో వీధుల్లో కరెంటు తీగలు వచ్చాక రథాలు తగ్గి, భుజాల మీద మోసే మికోషి పల్లకీలు ముందుకొచ్చాయి. శనివారం దేవుళ్ళు పల్లకీల్లో కందా, నిహోంబాషి, ఓతెమాచి, అకిహబరా వీధులన్నీ తిరుగుతారు. ఆదివారం పేటపేటా తన మికోషిని మోసుకుంటూ గట్టెక్కి గుడికి వస్తుంది. ఒక్కరోజే కుదిరితే ఆదివారం వెళ్ళండి. పొద్దున్నే వెళ్ళి ముఖద్వారం దగ్గర చోటు చూసుకోండి. మోసేవాళ్ళకి అడ్డం రాకండి, మికోషి మీద చేయి వేయకండి. ఆ వారం ఆ చుట్టుపక్కల గదులు తొందరగా అయిపోతాయి, చాలా ముందే చూసుకోవాలి. సరి సంవత్సరాల్లో వెళ్ళేవాళ్ళు నిరాశపడక్కర్లేదు. ఆ ఏళ్ళలోనూ మేలో చిన్నగా పూజలు జరుగుతాయి. అప్పుడు రద్దీ తక్కువ, లక్కపూతనీ దూలాల చెక్కడాన్నీ తీరిగ్గా చూసుకోవచ్చు.